రాక్షసుని కండ్లకు కాటుక

జవళగేర,
సోమవారం.

శరణక్కకు, కోపంతోనే అయినా దండం.

నిన్న నువ్వన్న మాటను రాయచూరు దాంక నమిలిన, ఆడికెల్లి జవళగేర దాంక నమిలిన, ఇంక మింగుడు పడతలేదు. నా మొకం చేనుల దిష్టిబొమ్మ లెక్క ఉన్నదా? వీధి భాగోతం ఆటల రాక్షసుని యేషం కట్టెటోని కండ్లు లావుగ, నల్లగ ఉండకపోతే ఎనక కూసున్నోళ్లకు రాజు ఎవడో రాక్షసుడు ఎవడో ఎట్ల తెలుస్తది?

సగం కడిగిన మొకంతోని మీ ఇంటికి వచ్చుడు నా తప్పే. నీ పోరడు జడుసుకొని గంప కింద దూరుడు గూడ నా తప్పే. గని "హట్టి యంకమ్మ మనవరాలు చెన్నవ్వ మీ ఆట చూస్తందుకు వస్తున్నది, గీ కండ్లు చూస్తే పిల్లనియ్యరు, యేషం మానెయ్" అంటివి చూడు, అది నీ తప్పు. నేను మానితే ఆట నేర్పే బసవలింగప్ప ఆ యేషం ఇంకొకనికి కట్టబెడతడు. బడి ఇడిసిన, పిండి గిర్నీల పని ఇడిసిన, ట్రాక్టరు ఇడిసిన. ఇది ఒక్కటే ఇడవబుద్ధి అయితలేదు.

కాటుక పట్టుడుల నిన్ను మించినోళ్లు లేరు. కండ్లు రాక్షసునియే గావాలె, గని చూసెటోళ్లకు ముద్దుగ గూడ ఉండాలె. ఎట్లనో జల్ది రాయి.

నీ తమ్ముడు
రంగా

తా.క. పిల్ల కోసం అడుగుతలేను, ఆట కోసమే. ఆడోళ్ల దిక్కు ఆమె ఏడ కూసుంటదో మాత్రం కనుక్కొని రాయి.

---

ఇడపనూరు,
గురువారం.

రంగాకు, దీవెనలు సగం, తిట్లు సగం.

బొగ్గు రుద్దుకుంటే రాక్షసునివి గావు, కుండవు అయితవు. ఇను. ఆముదం దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లించి మసి పట్టు. జరంత వెన్న కలుపు. రెప్ప ఎంట్రుకల కాడ నల్లగ పెట్టి, వేలితోని పైకి, చెవి దిక్కు మెల్లగ జరుపు. కనుబొమ్మ కాడికి వచ్చేసరికి పొగ లెక్క పలుచన గావాలె. కింది రెప్పకు ఉన్నదా లేదా అన్నట్టు చాలు. గీత కనపడొద్దు, నీడ కనపడాలె.

పిల్ల గని నిన్ను చూసి జడుసుకున్నదా, మళ్ల నా గడప తొక్కకు.

నీ అక్క
శరణమ్మ

తా.క. బావమరిదీ, మీ అక్క చెప్తుంటే ఈ ఉత్తరం రాసింది నేనే, మీ బావ లింగప్పను. తిట్లు సగం అని పైన ఉన్నది గని, మొత్తం రాస్తే కార్డు సాలలేదు.

---

జవళగేర,
ఆదివారం.

అక్కా, నీ కాళ్లకు, నీ కాటుకకు దండం.

ఏమైందో ఇను. నువ్వు జరంత వెన్న అంటివి. ఊరి ఆసామి ఇంట్ల అడిగితే గిన్నెడు ఇచ్చిండ్రు. మిగిలిస్తే మర్యాద గాదని మొత్తం కలిపిన. అద్దంల చూసుకుంటే మస్తుగున్నది, రాజు యేషం నింగప్పకు కుళ్లు పుట్టింది. అంతా మంచిగనే నడిచింది. ఆఖర్ల నన్ను చంపేటప్పుడు పెట్రోమాక్సు దీపం కింద నిలబెట్టిండ్రు. ఆ కాకకు వెన్న కరిగి, నల్లగ బుగ్గల మీదికెల్లి గడ్డం దాంక కారింది.

ఇంతల ఒక ముసలమ్మ లేసి, "ఏయ్ రాజా, పాపం ఏడుస్తున్నడు, ఇడ్సిపెట్టు!" అన్నది. ఆడోళ్లందరు కొంగులు కండ్లకు పెట్టుకున్నరు. నింగప్ప కత్తి ఎత్తితే తిడుతున్నరు, దించితే ఆట ఒడుస్తలేదు. పాట గూడ మరిచిపోయిండు. ఆఖరికి వాని కత్తి నేనే గుంజుకొని, నేనే పొడుచుకొని, నేనే సచ్చిన. సచ్చినంక గూడ ఏడుపులు ఆగలే.

నీ తమ్ముడు
రంగా

తా.క. యంకమ్మ గూడ ముక్కు చీదింది, సచ్చి పండుకొనే ఓరకంటితోని చూసిన. సంబంధం కుదిరినట్టే. బావను అంగీ కుట్టించుకొమ్మను.

---

ఇడపనూరు,
శుక్రవారం.

రంగా, ఈసారి దీవెనలు లేవు.

ఎవతె అది? నిజం చెప్పు. యంకమ్మ పనిగట్టుకొని మన ఇంటికొచ్చి చెప్పిపోయింది. "శరణమ్మా, నేను శాన ఆటలు చూసిన. అది ఆట ఏడుపు గాదు. నీ తమ్మునికి మనసుల ఎవరో ఉన్నరు, బలిమిట పెండ్లి జేస్తున్నమని ఏడ్చిండు. నా మనవరాలి గొంతు కోయకుండ్రి" అన్నది. వెన్న అని నేనంటే, "వెన్న కారితే తెల్లగ కారాలె గదా" అన్నది. ఏం జవాబు చెప్పాలె?

ఉన్నదా, లేదా? లేకుంటే హట్టికి పోయి నువ్వే నమ్మించుకో.

శరణమ్మ

తా.క. ఎవరన్న నిజంగనే ఉంటే నాకు ఏరే రాయి. అంగీ గుడ్డ కొననే కొన్న, ఏ పెండ్లయినా నాకు ఒకటే. - లింగప్ప

---

హట్టి,
బుధవారం.

అక్కా, ఎవ్వతె లేదు! అంటే, నిన్నటి దాంక లేదు.

మసి, వెన్న కట్టుకొని హట్టి బస్సెక్కిన. యంకమ్మ ముంగటనే కూసొని కండ్లకు పూసుకొని, "చూడవ్వా, ఇప్పుడు కారుతది" అన్న. ఇక్కడ సలి ఎముకలు కొరుకుతున్నది. వెన్న గడ్డ కట్టింది, సుక్క కారలే. యంకమ్మ, "అయ్యో శివనే! చూసినవా, ఇయ్యాల ఏడుపు రాలే. అంటే ఆ పొద్దు ఏడ్చింది నిజమే!" అన్నది. నాకు నిజంగనే ఏడుపొచ్చింది.

ఇంతల పొయ్యి కాడికెల్లి చెన్నవ్వ వచ్చింది, నవ్వు ఆపుకుంటలేదు. "అవ్వా, ఈయనది ఏడుపు గాదు, కాటుక పూసుడు చేత గాదు. ఆ పొద్దు అందరు ఏడుస్తుంటే నాకు నవ్వొచ్చి కొంగు నోట్ల కుక్కుకున్న" అన్నది. తడిగుడ్డ తెచ్చి నన్ను పీట మీద కూసోబెట్టింది. వాళ్ల నాయిన ఇక్కడి బంగారు గనిల పని జేస్తడు. పాళీ, అంటే షిఫ్టు, దిగి ఇంటికొచ్చి మొకం కడుక్కుంటే అంత పోయి, రెప్పల కాడ మాత్రం నల్ల దుమ్ము పలుచగ నిలుస్తదట. ఆ కండ్లు ఎంత మంచిగ కనపడతయో ఆమె రోజు చూస్తదట. "పూసుడు ఎవరికన్న వస్తది. తుడుసుడు రావాలె" అన్నది. నిండ పూసి, తడిగుడ్డతోని అద్ది అద్ది తీసింది. "తల వంచు, కండ్లు కిందికి, నవ్వకు" అన్నది. అక్కా, పెండ్లిచూపులల్ల తల వంచుకునేది పిల్ల గదా? ఇక్కడ నేను వంచుకున్న!

అద్దుకుంట అద్దుకుంట, "పెండ్లయినంక ఆటలకు పోవచ్చు, కండ్లు మాత్రం నేనే దిద్దుత" అన్నది. యంకమ్మ, "ఏ పెండ్లే? నేనింక ఊ అననేలే!" అన్నది. చెన్నవ్వ నాలుక కరుసుకున్నది. గడప కాడ వాళ్ల నాయిన, పాళీ దిగి అప్పుడే వచ్చినట్టున్నడు, "మరి ఊ అను, ఆకలైతున్నది" అన్నడు.

యంకమ్మ ఊ అన్నది.

రంగా

తా.క. ఒక్క కన్నే అయింది. సగం రాక్షసుడు, సగం అల్లుడు. ఊకె కూసునుడు నాకు రాదు గదా, గందుకే ఆమె గుడ్డ తడుపుకొచ్చే దాంక ఈ కార్డు రాస్తున్న. లగ్గం ఎప్పుడంటే... పిలుస్తున్నది. నేను పోవాలె.