గిన్నెల మీద పేరు

1967 జూన్, ఆదివారం రాత్రి

విడాకుల పంపకాలని ఈరోజు ఉప్పల్‌లో మా అత్తగారింట్లో పెద్దమనుషులు కూర్చున్నారు. గిన్నెలన్నీ వాకిట్లో పరిచారు. నాచారం ఫ్యాక్టరీలో ఒళ్లు హూనం చేసుకుని, నా జీతంతో నేను కొన్నవే అవన్నీ. మా మామ ఒక్కో గిన్నె తిప్పి చూసి, "సూడుండ్రి, మావోని పేరే ఉన్నది" అని తనవైపు పెట్టుకున్నాడు.

తర్వాత ఫ్యాక్టరీ సొసైటీ అప్పు కాగితం తీశారు. "దీనిమీద నీ పేరున్నది గద బిడ్డా, గిది నువ్వే కట్టుకోవాలె" అన్నాడు మా మామే. ఆ అప్పుతో పెట్టిన టైలర్ దుకాణం మాత్రం వాళ్లబ్బాయిదట!

ఎవరిని తిట్టను? పేర్లు చెక్కేవాడు "నీ పేరేందమ్మా?" అని అడిగిన ప్రతిసారీ, మురిసిపోతూ మా ఆయన పేరు చెప్పింది నేనే. అంత ప్రేమే ఉన్నదాన్ని, ఆ అప్పు కాగితం మీద కూడా ఆయన పేరే రాయించకపోయానా!