క్లచ్ మీద ఎవరి కాలు

12-8-2025, మంగళవారం

ఇయ్యాల కారు గుంజలే. పాన్‌గల్ దాటినంక గడ్డ ఎక్కుతుంటే ఇంజిన్ ఒకటే మొత్తుకుంటుంది, చక్రం మాత్రం కదలదు. ఏందో మాడిన వాసన. పక్కన నా కోడలు నిరోష. అత్తమ్మా కాలు తియ్యి, క్లచ్ మీదికెల్లి కాలు తియ్యి అని ఒర్లింది. తీసే ఉన్న. నా కాలు నేల మీదనే ఉంది.

ఎనుక ట్రాక్టరోడు హారన్ కొట్టి కొట్టి, ముసల్దానికి తాళమిస్తే గిట్లనే అయితది అనుకుంట పోయిండు. నాకు నలభై తొమ్మిదేండ్లే.

13-8, పొద్దుగాల

ఎల్లయ్య వచ్చి చూసిండు. మా ఊరి మెకానిక్, మహేందర్ దోస్తు. పెద్దమ్మా, క్లచ్ ప్లేటు అరిగింది అన్నడు. కొత్త బండి, దసరాకు తెచ్చింది, పదకొండు వేల కిలోమీటర్లు సుత పూరా కాలే. ఇంత జల్ది అరగదు, ఎవలో క్లచ్ మీద కాలు పెట్టే నడిపిన్రు అన్నడు. అని నా మొకం దిక్కు చూడకుండ చేతులు తుడుసుకున్నడు.

ఈ బండి నడిపింది ఇద్దరమే. దసరా నుంచి మాఘమాసం దాక నా కొడుకు మహేందర్. చేన్ల మోటరు స్టార్టర్ పట్టుకొని, కరెంటు కొట్టి వాడు పోయిననాటి దాక. ఉగాది నుంచి నేను. నిరోష నేర్పుతుంది. ఆమెకు వాడే నేర్పిండు, ఇది కొనక ముందే, దోస్తు బండి మీద.

13-8, పొద్దుమీకి

వారంటీ ఉందంట. వనపర్తి షోరూంల ఇస్తే విప్పి చూస్తరంట. కంపెనీ తప్పయితే వాళ్లే కొత్తది ఏస్తరు. మన తప్పయితే మన తప్పే అని కాయితం మీద రాసిస్తరు. ఆ కాయితం మనకెందుకు పెద్దమ్మా, నేనే సప్పుడు లేకుండ మారుస్త, ఊర్ల ఎవలకు తెల్వదు అన్నడు ఎల్లయ్య. మంచి పిల్లగాడే.

కొడుకు పోయినప్పటి నుంచి మంచం పట్టిన మా ఆయన తిరుపతయ్య, లేవకుండనే, అమ్మేద్దం అన్నడు. కల్వకుర్తిల ఎవరో అడుగుతుండట. కొడుకే లేడు, కొడుకు బండి ఎందుకు అన్నడు. షోరూంలనే విప్పిద్దం, నా కాలుదే తప్పని తేలితే తాళం నీ చేతుల పెడత, మల్ల బండి ముట్ట అన్న. నోరు జారింది.

ఆయన సరే అన్నడు. ఈ ఆర్నెల్లల్ల ఆయన దేనికన్న సరే అన్నది గిదే ఫస్టు.

15-8

జెండా పండుగ. ఊకెనే పోయి బండ్ల కూసున్న.

దీన్ని ఎవలు చదువరు గనక రాస్తున్న. సీటు నేను ముందుకు జరపలే. మహేందర్ పొడుగు. వాడు ఎక్కడికి జరుపుకున్నడో అక్కడనే ఉంది. నిరోష తిడుతనే ఉంటది. వీపెనుక మెత్త పెట్టుకుంట గని జరప. సీటు కింది లివర్ ఒక్కసారి గుంజితే వాడు కూసున్న కొలత పోతది. గందుకే నాకు క్లచ్ కింది దాక అందదు. వేళ్ల కొసలతోని ఒత్తుత. సగమే దిగుతది. గట్ల నేనే అరగదీసిన్నేమో. కొడుకు మీది ప్రేమతోని, పావురంతోని కొడుకు బండిని కాలబెట్టిన్నేమో.

17-8, ఆదివారం

గద్వాల నుంచి ఆడిబిడ్డ జోగులమ్మ వచ్చింది. నేను రొట్టె కొడుతుంటే పక్కన కూసోని సలహా చెప్పింది. షోరూం కాయితంల మహేందరే నడిపిండని రాయి వదినా, ఉన్నోళ్ల మీదికి రాకుంట పోతది, పోయినోడు వచ్చి కాదంటడా అని. పిండి అట్లనే ఇడిసి లేసిన. బతికినప్పుడు వాని మీద ఒక్క చలాన్ లేదు, సచ్చినంక నేను రాయిస్తనా అన్న. నీ మంచికే చెప్పిన, నాకేం పట్టింది అని మూతి ముడుసుకుంది. తినకుండనే బస్సెక్కింది.

18-8

నిజంగనే వాని కాలుదే అయితే?

19-8

నాదే కావాలె అని మొక్కిన. తాళం పోతే పోనీ.

20-8, బుధవారం

ఎల్లయ్య మెల్లగ, ముసలెద్దును తోలినట్టు తోలుకుంట వనపర్తికి తెచ్చిండు. మంచం దిగి మా ఆయన సుత నాతోని వచ్చిండు.

షోరూంల టై కట్టుకున్న పిల్లగాడు అన్ని మా ఆయననే అడిగిండు. నేను ఆడ కుర్చీ లెక్కనే ఉన్న. ఇంట్ల లేడీస్ నడుపుతరా అని అడిగి నవ్విండు. అయితే ఇంకేంది, డ్రైవింగ్ తప్పే, క్లచ్ ప్లేటు టైరు లెక్క అరిగే సామాను, క్లెయిమ్ పెట్టినా రాదు, విప్పిన కూలి మీ మీదనే పడుతది అన్నడు. అయినా ఫారం ఇయ్యి అన్న. బండి నడిపేది ఎవరు అని ఉన్న కాడ మా ఆయన పెన్ను ఆగింది. నా దిక్కు చూసిండు.

పెన్ను గుంజుకున్న. ఐదో తరగతి దాకనే నా చదువు. భాగ్యమ్మ అని పెద్ద పెద్ద అక్షరాలతోని రాసిన. సీటు సంగతి సుత దాయలే, అంత చెప్పిన. టై పిల్లగాడు గట్టిగ నవ్వి, మీరే ఒప్పుకుంటున్రు గద, ఇంక విప్పుడెందుకు అన్నడు. నేను ఒప్పుకున్నది సీటు సంగతి, ప్లేటు సంగతి ప్లేటునే అడుగుదం, నా కండ్ల ముందటనే విప్పాలె అన్న.

రెండు గంటలు స్టూలు మీద కూసున్న. రామచంద్రయ్య అని పెద్ద మెకానిక్, కండ్లద్దాలాయన, గేర్ బాక్స్ దించిండు. దించి మా ఆయనను పిలువలే. అమ్మా ఇటు రా అన్నడు. ప్లేటు మీద వేలు రాసి నా ముందట పెట్టిండు. వేలంత జిడ్డు. ఇంజిన్ ఆయిల్ అంట. లోపల ఆయిల్ ఆపే రబ్బరు సీలు వంకరగ బిగిచ్చిన్రు, కంపెనీల నుంచే గట్ల వచ్చింది, ఆయిల్ కారి కారి ప్లేటు మీద పడ్డది, జారి జారి మాడింది, ఇందుల ఎవరి కాలు తప్పు లేదమ్మా అన్నడు.

ఎవరి కాలు తప్పు లేదు. నాది గాదు. వానిది గాదు.

టై పిల్లగాడు ఇడవలే. అంత కారితే ఇన్ని నెలలు ఇంట్ల చూడలేదా, ఎందుకు చెప్పలే అన్నడు. చూసిన. రోజు పొద్దుగాల వాకిలి ఊడుస్తుంటే బండి కింద నల్ల మరక. కొత్త బండికి గిట్లనే కారుతదేమో అనుకొని కడిగి, పేడనీళ్ల సాన్పి చల్లి, దాని మీదనే ముగ్గు ఏసిన. సాక్ష్యమంత నా చేతులతోనే కడుక్కున్న.

అప్పుడు మా ఆయన నోరు తెరిసిండు. అవును సార్, మంచంల పండుకొని రోజు ఇంటున్న, ఆ మరక మీద నీళ్లు కొట్టుకుంట బండిని తిట్టుడే ఈమె పని, మా ఇంటికి రా, జానెడు మన్ను తవ్వి చూపిస్త నల్లగున్నదో లేదో, నా పెండ్లాం అబద్ధం రాసేది కాదు అన్నడు. ఎంత గట్టిగ అన్నడంటే అద్దాల అవతల బండ్లు కొనేటోళ్లు సుత తిరిగి చూసిన్రు. ఆర్నెల్ల మాటలన్ని ఒక్కసారే వచ్చినయి.

ఫారం మీద వారంటీ అని ముద్ర పడ్డది.

23-8, శనివారం

బండి వచ్చింది. కొత్త ప్లేటు, కొత్త సీలు. రామచంద్రయ్య ఒకటే మాట చెప్పి పంపిండు. తప్పు మీది గాదు గని అమ్మా, సగం ఒత్తితే గేర్లు ఖరాబైతయి, సీటు జరుపుకో అన్నడు.

నిరోషను బయట నిలబడమన్న. లివర్ గుంజిన. టక్, టక్, టక్. మూడు. కొలత పోతదని భయపడ్డ. పోలే. మూడు టక్కులు ఎనుకకు లెక్కపెడితే వాడు ఆడనే ఉన్నడు.

క్లచ్ కింది దాక దిగింది. ఊరంత మూడో గేర్ల తిరిగిన. ఎవలు అడ్డం రాకున్న హారన్ కొట్టిన.

29-8

లైసెన్స్ టెస్టు పాసైన. ఎనిమిది ఆకారం ఏసిన, ఒక్క కంబం తగలలే.

31-8, ఆదివారం

ఆయన ముందట సీట్ల కూసున్నడు. బీచుపల్లి దాక నడిపిన. కృష్ణ నిండుగున్నది. నీళ్లల్లకు ఎడమకాలు ముందు పెట్టిన. కుడికాలు పెట్టాలె గదనే అన్నడు. ఇయ్యాల క్లచ్ కాలే ముందు అన్న.