పొగపెట్టెకు పసుపు నీళ్లు

ఆదివారం రాత్రి, మల్కాపురం

మాంసానికి పొగ పట్టించే నా పెట్టె పాసయింది! పాత డ్రమ్ముతో పెరట్లో నాన్నా నేనూ కట్టింది. భీమిలి హోటలాయనకు నచ్చితే మొదటి ఆర్డరు, లేదంటే నేను పరవాడలో వచ్చిన ఉద్యోగంలో చేరాలని నాన్నతో ఒప్పందం.

పొద్దున హోటలాయన ఎదురుగా స్విచ్ వేస్తే మోటారు మూలిగి ఊరుకుంది. పెట్టె పక్కనున్న గుళికల తొట్టిలో చెయ్యి పెట్టాను. పొగ కోసం కాల్చే రంపపు పొట్టు గుళికలన్నీ తడిసి ముద్దయ్యాయి. మోటారుతో తిరిగి వాటిని నిప్పులోకి తోసే స్క్రూ బిగుసుకుపోయింది.

“అమ్మా, ఇందులో నీళ్లెవరు పోశారు?”

“పొయ్యలేదే, పసుపు నీళ్లు సల్లాను. సెంబుడే! కొత్త మిషను పూజ సెయ్యకుండా ముట్టిత్తారేటి?”

హోటలాయన పకపకా నవ్వారు. “కోడి ఉడికేలోగా నాను ముసిలోణ్ణయిపోతానేటమ్మా?”

నాన్న స్క్రూ విప్పాడు. నేను ముద్దంతా గీకి పొడి గుళికలు పోశాను. ఈసారి పొగ కావలసినట్టే పల్చగా, నీలంగా వచ్చింది. మధ్యాహ్నం కోడిని బయటికి తీస్తే ఎముక దాకా పొగ రుచి, అయినా మాంసం ఎండిపోలేదు. హోటలాయన రెండో ముక్క అడక్కుండానే తీసుకున్నారు.

“దీనికంటే పెద్దది కట్టియ్యమ్మా.”

పెద్దదానికి ఈ మోటారు చాలుతుందా? ఆయన హోటలు సముద్రం ఒడ్డునే. ఆ గాలి తేమకే గుళికలు మెత్తబడితే? తొట్టికి బిగుతైన మూత ఉండాల్సిందే. ఇందాక దాని బొమ్మ గీస్తుంటే అమ్మ వెనక నిలబడి చూసింది.

“మూతకి బొట్టయినా ఎట్టొచ్చా లేదేటే?”

బొమ్మలో బొట్టుకి చోటు వదిలాను.