సగం నాదే

సుగుణా,

నువ్వు పోయి ఇవాళ్టికి మూడేళ్లు. ఈ రోజు నేను యాక్టింగ్ చేశాను, నవ్వకు. మట్టెవాడ ఆటోస్టాండులో నా వేషాలు చూసిన ఒక డాక్టరమ్మ ట్రైనింగుకు పిలిచింది. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే జబ్బుల గురించి ఇంటివాళ్లతో ఎలా మాట్లాడాలో కౌన్సెలర్లు అక్కడ నేర్చుకుంటారు. నాది తండ్రి వేషం. కొడుక్కి తలసేమియా, మన బాబుకు వచ్చిన రక్తం జబ్బే.

మొదట నాతో మాట్లాడడానికి వచ్చిన ఒక సారు బోర్డు మీద గళ్లు గీసి ఇంగ్లీషులో దంచాడు.

"సారూ, గీ ముగ్గు మా ఇంటామెకియ్యి, వాకిట్ల ఏస్తది" అన్నాను. అందరూ నవ్వారు.

తర్వాత వచ్చిన అమ్మాయి పెన్ను పక్కన పెట్టి అడిగింది.

"అన్నా, ఇంట్ల తప్పెవరిదంటాండ్రు?"

నాకిచ్చిన కాగితంలో దీనికి జవాబు లేదు.

"ఆమెదే అంటాండ్రు. మా అమ్మ తిడ్తాంటే నేను ఊకున్న."

"తప్పు ఎవ్వరిది కాదన్నా. జబ్బు సగం నీ నుంచి, సగం ఆమె నుంచి వచ్చింది. గా ముచ్చట మీ అమ్మకు నువ్వే చెప్పాలె."

బాబు జబ్బు బయటపడ్డప్పుడు మనిద్దరికీ రక్తం పరీక్ష చేసి రిపోర్టులు ఇచ్చారు. నాలోనూ ఉందని రాసిన నా రిపోర్టును ఆటో సీటు కింద దాచి, జోకులేసి తప్పించుకున్నాను.

బాగా నటించానని చప్పట్లు కొట్టారు. వచ్చే నెల మళ్లీ పోతాను. తప్పెవరిదన్న ఆ ప్రశ్న అడిగేదాకా ఏ కౌన్సెలర్‌నూ వదలను.

సాయంత్రం అమ్మకు చెప్పాను.

"అమ్మా, బాబు జబ్బుల సగం నాదే."

అమ్మ అన్నం కంచం పక్కకు నెట్టింది.

"గిది సుగుణ ఉన్నప్పుడు చెప్పాలె గదరా."