ఆఖరి తూటాల పెట్టె

దానియేలు అన్నయ్యా,

మీరు కన్నుమూసి నేటికి ఏడాది. యుద్ధకాలపు జర్మనీ తూటాల్లో మీరు దాచిన ఆఖరి పెట్టెను, విన్నిపెగ్ బయట మనం తుపాకులు కాల్చడానికి వెళ్లే రేంజ్‌లో ఈ ఉదయం విప్పాను. అట్ట చివికిపోయింది గాని, తూటాలన్నీ పేలాయి. మీరుంటే రేంజ్ అంతటికీ వినబడేలా చాటేవారు.

ఆ కాలపు తూటాలు కాల్చాక తుపాకి గొట్టంలో ఉప్పు మిగులుతుంది. అదే రోజు మరిగే నీళ్లతో కడగకపోతే తుప్పు పట్టి, మీరు నాకప్పగించిన తుపాకి పాడవుతుంది. ఎప్పుడూ మీరు తువ్వాలు చుట్టి తుపాకిని నిలబెట్టేవారు, నేను గరాటులో నీళ్లు పోసేవాడిని.

“త్వరగా పొయ్యవయ్యా, రాత్రిబడి పట్టభద్రుడా! చెయ్యి కాలుతోందిక్కడ!” అని నా రాత్రిబడి చదువును ఆటపట్టిస్తూ మీరు కేకలేసినా, నేను చుక్క ఒలకకుండా నెమ్మదిగానే పోసేవాడిని.

ఈ సాయంత్రం మా ఆవిడ, “నేను పట్టుకోనా?” అని అడిగింది. అక్కర్లేదన్నాను. ఒక చేత్తో తుపాకి, మరో చేత్తో కెటిల్ పట్టుకుని నేనే కడిగాను. గొట్టం ఎంత వేడెక్కుతుందో ఇన్నేళ్లకు తెలిసింది. వదల్లేదు.

ఆరాక టార్చి వేసి చూస్తే, గొట్టం లోపల ఒక్క మరక లేదు. మీకు చూపించడానికన్నట్లు, మీరెప్పుడూ నిలబడే పక్కకు తిప్పి పట్టుకుని, కాసేపు అలాగే నిలబడ్డాను.