పగటి పాళీ మాత్రలు

జనవరి 9, 1998. శుక్రవారం.

ఇవాళ మా ఆయన డ్యూటీ పాళీ మారింది. రాజలింగానికి ఈ వారం రాత్రి పాళీ. అంటే నాకు మాత్రల సెలవు. పిల్లలు కాకుండా వేసుకునే మాలా-డి ప్యాకెట్ చీరల ట్రంకులో అడుగున పెట్టేశాను.

అది వేసుకుంటే పొద్దున్నే కడుపులో తిప్పుతుంది. మనిషి రాత్రంతా నాగావ్ కార్ఖానాలో కరెంటు మగ్గాల సాంచాలు నడుపుతుంటే ఇక్కడ నేనెందుకు మింగాలి? పగలు ఇంటికొచ్చి పడుకుంటాడు. ఉన్నది ఒక్క గది. గుమ్మంలో మా అత్త గంగాబాయి కూర్చుని ఉంటుంది. ఇంక భయమేముంది! పగటి పాళీ వారం వచ్చాక మళ్లీ మొదలుపెడతాను. ఈ పద్ధతి నేనే కనిపెట్టాను. టెన్త్ పాసైన చదువు దేనికో ఒకదానికి పనికి రావాలి కదా. పక్కింటి శాంతాబాయికి కూడా చెప్పాను. వాళ్లాయనదీ ఇదే పాళీ.

జనవరి 21.

అత్త మళ్లీ మొదలుపెట్టింది. ఇద్దరు ఆడపోరగాండ్లేనాయె, ఒక్క కొడుకన్న లేకుంటె ఎట్లనే అని.

చిన్నది శృతి పుట్టినప్పుడు నాకు రక్తం ఆగలేదు. ఎవరిదో రక్తం ఎక్కించి బతికించారు. ఇంకో కాన్పు అయితే మేం చేయగలిగింది ఏమీ ఉండదని డాక్టరమ్మ మొహం మీదే చెప్పింది. అత్త పక్కనే ఉంది, విన్నది, మర్చిపోయింది. పిల్లలు కాకుండా ఆపరేషన్ అప్పుడే చేయమన్నాను. ఒంట్లో రక్తం లేదు, తర్వాత రమ్మన్నారు. తర్వాత అత్త పోనివ్వలేదు. కాపర్-టి పెట్టించుకుంటే నెలలో సగం రోజులు రక్తం, బట్ట పెట్టుకోవడమే, తీసేయించాను. నిరోధ్ కొనుక్కు రమ్మంటే రాజలింగం సిగ్గుతో చచ్చిపోతాడు. గల్లీలో దుకాణాలన్నీ మన తెలుగువాళ్లవే.

నాకు చావాలని లేదు. నేహకు ఏడేళ్లు, శృతికి రెండు.

ఫిబ్రవరి 2.

రాజలింగాన్నే ఆపరేషన్ చేయించుకోమని అడిగాను. కోపం తెచ్చుకోలేదు. చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. బీము ఎత్తాల్నంటె బలమంత నడుంల ఉండాలె, నరం కోస్తె ఇగ నేనేం ఎత్తుత, మిమ్ముల ఎట్ల సాదుత అన్నాడు. కార్ఖానాలో అందరూ అదే చెప్పారట. నిజంగానే భయపడుతున్నాడు. జాలేసింది, ఒళ్లు కూడా మండింది. నూలు చుట్టిన ఇనుప బీముకు భయపడతాడు కానీ నా ప్రాణానికి భయపడడా?

మార్చి 6.

బట్ట. హమ్మయ్య.

ఏప్రిల్ 19.

మళ్లీ కొంచెం కనపడింది. ఎప్పుడు పడితే అప్పుడు వస్తోంది. చిరాకే, అయినా వస్తోంది కదా. నా పద్ధతి బాగానే పనిచేస్తోంది.

మే 22. శుక్రవారం.

కరెంటు లేదు. ఎండ. పొత్తికడుపు బరువుగా ఉంది. అత్త అదోలా చూస్తోంది. గ్యాస్ అన్నాను.

జూన్ 9. పొద్దున 11.

కదిలింది. ఇద్దరిని కన్నదాన్ని, నాకు తెలియదా.

జూన్ 10.

సర్కారు దవాఖానాకు వెళ్లాను. మాత్రలు ఎలా వేసుకున్నావని మరాఠీ సిస్టర్ హిందీలో అడిగింది. పాళీల సంగతి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు, పెన్ను పక్కన పెట్టింది.

మాత్ర ఆ ఒక్క రాత్రి కోసం కాదట. రోజూ మింగుతూ ఉంటేనే లోపల గుడ్డు విడుదల కాకుండా ఆగి ఉంటుందట. వారం మానేస్తే ఆ పట్టు వదిలిపోతుందట. మళ్లీ మొదలుపెట్టినా వెంటనే పట్టు రాదట. మానినప్పుడల్లా నాకు కనపడిన రక్తం కూడా నెలసరి కాదట. మాత్ర ఆపితే వచ్చే రక్తమట. దాన్ని చూసే కదా నేను నిశ్చింతగా ఉన్నది!

తీసేయమన్నాను. సోనోగ్రఫీ చేసి ఐదు నెలలు దాటిందన్నారు. ఇప్పుడు చట్టం ఒప్పుకోదట. సిస్టర్ కాళ్లు పట్టుకోబోయాను. లేపి కుర్చీలో కూర్చోబెట్టింది. ఐరన్ మాత్రలిచ్చి, ఇవి మాత్రం రోజూ వేసుకో అంది.

జూన్ 11.

శాంతాబాయి గుర్తొచ్చింది, దానికీ నా పద్ధతే చెప్పాను కదా. పరిగెత్తాను. తీరిగ్గా గిన్నెలు తోముతోంది. నీ పాళీలు గీళీలు నాకేం యాదుంటయి అక్కా, రోజు పండ్లు తోమంగనె ఒకటేసుకుంట, గంతే అంది. దాన్ని పట్టుకుని ఏడ్చాను. అది బతికిపోయినందుకు సంతోషం. నాకు మాత్రం ఎంత కుళ్లుగా ఉందో రాయలేను.

జూన్ 14.

అత్త కొబ్బరికాయ కొట్టింది. గీసారి కొడుకే అంట.

జూలై 3. శుక్రవారం.

సెలవు. రాజలింగం పొద్దున్నే ఎక్కడికో వెళ్లి మధ్యాహ్నం మెల్లగా, కాళ్లు ఎడంగా వేస్తూ వచ్చాడు. ఆపరేషన్ చేయించుకున్నాడు. ఒక్కడే వెళ్లాడు, ఎవరికీ చెప్పలేదు. ఇగ నువ్వు భయపడకు, మాత్రల తిప్పలు లేవు అన్నాడు. ఆర్నెల్ల కడుపుతో ఆయన ఎదురుగా కూర్చున్నాను. మాట పూర్తయ్యాక నా కడుపు చూసి తల దించుకున్నాడు. చాయ్ పెట్టి ఇచ్చాను.

జూలై 18.

ఇవాళ బీము ఎత్తాడట. ఏమీ కాలేదట. ఆ మాట చెప్పి గోడవైపు తిరిగి పడుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఓదార్చాలనిపించలేదు.

ఆగస్టు 30.

కాళ్లు వాచాయి. రక్తం పెరగలేదు. రక్తం ఇచ్చేవాళ్లను ఇప్పుడే చూసి పెట్టుకోమంది డాక్టరమ్మ. రాజలింగం గ్రూపు కలవలేదు. కార్ఖానాలో అడిగాడు. రక్తం ఇస్తే సాంచాల కాడ ఎట్ల నిలబడుతం అన్నారట. నిన్నటిదాకా ఈయన కూడా అలాగే అనేవాడు, ఎవరిని తిట్టను?

సెప్టెంబర్ 27.

నేహకు అన్నం వార్చడం నేర్పాను. స్టూలు ఎక్కితే గిన్నె అందుతోంది.

రేపు పప్పు.