శుభ్రంగా చెరిపిన పాటలు

బావమరిదికి,

నా పాటల మీద ఎవరి ప్రభావం ఉందో రాస్తే ఆల్బమ్ అట్ట మీద వేస్తానన్నావు. ఎదురింటి దర్జీ కుట్టుమిషను పేరు రాద్దామనుకున్నాను. నా గిటారు నడక దానిదే. కానీ అసలు గురువు మీ అక్క. నేను పడగ్గదిలో తలుపేసుకుని రికార్డు చేస్తుంటే, వంటింట్లోంచి కూనిరాగం తీసేది.

"నీ గొంతు కూడా రికార్డులో పడిందే! మళ్ళీ మొదటికొచ్చింది!" అని అరిచి, అది చెరిపేసి మళ్ళీ పాడేవాణ్ణి.

"మళ్ళీ పాడితే అరిగిపోతావా? రాగం నాదేగా," అనేది.

మీ అక్క పోయిన ఈ నెల రోజులుగా, ఆ కూనిరాగం ఏ మూలైనా చిక్కుతుందేమోనని తొమ్మిది పాటలూ వింటూనే ఉన్నాను. ఎంత శుభ్రంగా చెరిపానురా!

అట్ట మీద ఆమె పేరు వెయ్యి. అక్క గొంతు వినిపించమని మాత్రం నన్ను అడగకు.

నీ బావ